పెద్ద సంఖ్యను చేత్తో విడగొట్టడం ఎలా? మన పిన్‌కోడ్‌తోనే నేర్చుకుందాం

హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏ బ్యాచ్ వచ్చినా రెండో వారానికల్లా ఒకటే ప్రశ్న: "సార్, ఆరంకెల సంఖ్య ఇచ్చి కారణాంకాలు ఎన్ని అని అడిగితే ఎలా చేయాలి?" నిజానికి మొదలుపెట్టడం అందరికీ వచ్చు. రెండుతో చూస్తారు, మూడుతో చూస్తారు, ఐదుతో చూస్తారు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. కొందరు 13 దాకా చూసి ఇక ఇది ప్రధాన సంఖ్యే అని రాసేస్తారు. కొందరు ఆపకుండా రెండు పేజీలు నింపుతారు. ఇద్దరికీ మార్కు పోతుంది, రెండో వాళ్లకు సమయం కూడా పోతుంది.

అందుకే ఈసారి మొత్తం పద్ధతిని ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణకు వరంగల్ పిన్‌కోడ్ 506002 తీసుకుందాం. ఆరంకెలున్నాయి, మనకు నోటికి వచ్చిన సంఖ్య, దాచుకోవలసిన పని లేదు. సాధన కోసం మీ ఆధార్ నంబరో, ఫోను నంబరో తీసుకుని నలుగురూ చూసే కాగితం మీద రాయకండి. పిన్‌కోడ్‌లు, పాత లెక్కల పుస్తకంలోని సంఖ్యలు చాలు.

కావలసినవి

గీతల నోటు పుస్తకం, పెన్ను, 20 వరకు ఎక్కాలు, 200 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. కాలిక్యులేటర్ పక్కన ఉండవచ్చు కానీ చివర్లో సరిచూసుకోవడానికే వాడండి.

పట్టిక బజారులో దొరుకుతుంది, కానీ ఒక్కసారి మీరే తయారు చేసుకోండి. 1 నుంచి 200 వరకు రాయండి. 1ని కొట్టేయండి, అది ప్రధాన సంఖ్య కాదు. 2ని ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టేయండి. అలాగే 3, 5, 7, 11, 13 గుణిజాలు. అంతటితో ఆపండి, ఎందుకంటే తర్వాతి ప్రధాన సంఖ్య 17 వర్గం 289, అది 200 దాటిపోయింది. మిగిలినవి సరిగ్గా 46 ఉండాలి. 100 లోపు 25, ఆపైన 21. ఎక్కువ వస్తే 91, 119, 133, 143, 161, 187 మిగిలిపోయాయేమో చూడండి. చూడటానికి ప్రధాన సంఖ్యల్లా ఉండి ఎక్కువ మందిని మోసం చేసేవి ఇవే. 91 అంటే 7×13, 119 అంటే 7×17, 133 అంటే 7×19, 143 అంటే 11×13, 161 అంటే 7×23, 187 అంటే 11×17.

1. ముందుగా హద్దు రాసుకోండి

సంఖ్య పక్కనే దాని వర్గమూలం ఎంత దగ్గర ఉంటుందో రాయండి. దశాంశాలు అవసరం లేదు. 700 వర్గం 4,90,000. 710 వర్గం 5,04,100. 711 వర్గం 5,05,521. 712 వర్గం 5,06,944. మన సంఖ్య ఈ చివరి రెండింటి మధ్య ఉంది కాబట్టి హద్దు 711.

కారణాంకాలు ఎప్పుడూ జంటగా వస్తాయి. జంటలో రెండూ 711 దాటితే వాటి లబ్ధం మన సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి కనీసం ఒకటి 711 లోపే ఉండాలి. ఇంతకు మించి సిద్ధాంతం అవసరం లేదు.

711 లోపు ప్రధాన సంఖ్యలు 127 ఉన్నాయి. అన్నింటితో భాగించాలా అని కంగారు పడకండి. ఈ హద్దు పని సాగుతున్నకొద్దీ కిందికి దిగుతుంది. దాన్ని దించుకుంటూ పోవడమే ఈ పద్ధతికి ప్రాణం.

2. 2, 3, 5లను కంటితో తేల్చండి

చివరి అంకె 2. రెండుతో పోతుంది: 506002 = 2 × 253001. ఇక 506002ను మరచిపోండి, పని అంతా 253001 మీదే. కొత్త హద్దు 502. (503 వర్గం 2,53,009, ఎనిమిది తేడాతో దాటిపోయింది.)

253001 బేసి సంఖ్య, మళ్లీ రెండుతో పోదు. అంకెల మొత్తం 11, మూడుతో పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు, ఐదుతో పోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక సంఖ్యతో భాగం పోయిందంటే వెంటనే అదే సంఖ్యతో మళ్లీ ప్రయత్నించాలి. మన పక్క పిన్‌కోడ్‌లు చూడండి. ఎన్‌ఐటీది 506004. అది రెండుతో రెండుసార్లు పోతుంది. 506007 అయితే మూడుతో ఏకంగా నాలుగుసార్లు పోతుంది: 168669, 56223, 18741, 6247. ఒకసారి భాగించి ముందుకు వెళ్లిపోయిన వాళ్లకు చివర్లో కారణాంకాల సంఖ్య తప్పుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు.

3. 7, 11, 13లను ఒకే దెబ్బకు చూడండి

ఈ మూడింటికీ వేరువేరు సూత్రాలు బట్టీ పట్టకండి. 7×11×13 = 1001. దాన్ని ఆసరాగా చేసుకుని, సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి పెద్ద ముక్కలోంచి చిన్న ముక్క తీసేయండి. వచ్చిన చిన్న సంఖ్య వీటిలో దేనితో పోతే అసలు సంఖ్య కూడా దానితో పోతుంది.

253 | 001. తేడా 252. ఇది 7×36. కాబట్టి ఏడుతో పోతుంది. 252 పదకొండుతో పోదు, పదమూడుతో పోదు. ఒక్క తీసివేతతో మూడు ప్రశ్నలు తేలిపోయాయి.

భాగించండి: 253001 ÷ 7 = 36143. మళ్లీ ఏడుతో పోతుందా? 36 | 143, తేడా 107. ఏడుతో భాగిస్తే శేషం 2. పోదు.

ఆరంకెలు దాటితే ముక్కలు మూడవుతాయి. అప్పుడు కుడి నుంచి మొదటి ముక్కలోంచి రెండోది తీసి, మూడోది కలపాలి. అన్నింటినీ వరసగా తీసేస్తే తప్పు వస్తుంది.

ఇక్కడే ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. అంకెల మొత్తం 14 వచ్చింది కాబట్టి ఏడుతో పోతుందనుకుంటారు. అంకెల మొత్తం సూత్రం 3కు, 9కి మాత్రమే. కాజీపేట పిన్‌కోడ్ 506003 అంకెల మొత్తం 14. ఏడుతో భాగిస్తే శేషం 1.

ఇది రాస్తూ ఉండగా నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటి గుర్తొచ్చింది. కరీంనగర్ పిన్‌కోడ్ 505001. 505లోంచి 1 తీస్తే 504. మన 506002లో 506లోంచి 2 తీసినా 504. రెండూ ఏడుతో పోతాయి. కారణం, ఈ రెండు పిన్‌కోడ్‌ల తేడా సరిగ్గా 1001. ఏళ్ల తరబడి ఉత్తరాల మీద చూసిన రెండు సంఖ్యల మధ్య ఇంత చక్కని బంధం ఉందని లెక్క చేసేదాకా నాకు తెలియలేదు.

4. 17 నుంచి వరసగా వెళ్లండి

ఇప్పుడు చేతిలో ఉన్నది 36143. హద్దు కొత్తగా రాయండి. 190 వర్గం 36,100, 191 వర్గం 36,481. కాబట్టి హద్దు 190. మొదట్లో 127 ప్రధాన సంఖ్యలు ఉన్న చోట ఇప్పుడు 42 అయ్యాయి, వాటిలో 13 వరకు చూసేశాం కూడా.

మామూలు భాగహారం చేయవచ్చు. నేను మాత్రం పిల్లలకు "సున్నా తెప్పించే" పద్ధతి చెబుతాను. పరీక్షించే సంఖ్య గుణిజాన్ని కలపండి లేదా తీసేయండి, చివర సున్నా వచ్చేలా. సున్నాను కొట్టేయండి. మిగిలిన దానితో మళ్లీ అదే పని.

43తో చూద్దాం. 36143లోంచి 43 తీస్తే 36100. రెండు సున్నాలు కొట్టేస్తే 361. అది 19×19 అని ఎక్కం చెబుతుంది. 43కు చోటు లేదు, పోదు.

47తో చూద్దాం. 36143కు 47 కలిపితే 36190. సున్నా కొట్టేస్తే 3619. చివరి 9ని పోగొట్టాలంటే 47×7 = 329 తీసేయాలి. 3290 వస్తుంది. సున్నా కొట్టేస్తే 329. అది మళ్లీ 47×7. పోతుంది!

ఈ పద్ధతి పోతుందా పోదా అని మాత్రమే చెబుతుంది. సున్నాలు కొట్టేశాం కాబట్టి శేషం గానీ భాగఫలం గానీ ఇందులోంచి రాదు. పోతుందని తేలాక భాగహారం విడిగా చేయాలి. 2కు, 5కు ఈ పద్ధతి వాడకూడదు. సున్నాను కొట్టేయడమంటే పదితో భాగించడం, పదిలో ఆ రెండూ ఉన్నాయి కదా.

భాగహారంతోనే చేసేవాళ్లు మీ శేషాలను వీటితో పోల్చుకోండి. 36143ను భాగిస్తే 17తో 1, 19తో 5, 23తో 10, 29తో 9, 31తో 28, 37తో 31, 41తో 22, 43తో 23, 47తో 0. ఒక్కటి తేడా వచ్చినా అక్కడే ఆగి మళ్లీ చేయండి. నోటి లెక్కలో జారిన ఒక్క అంకె వల్ల అసలు కారణాంకం దాటిపోతే ఆ తర్వాత ఎంత వెతికినా దొరకదు.

5. ఎక్కడ ఆపాలి?

36143 ÷ 47 = 769. ఇప్పుడు 769 ప్రధాన సంఖ్యా కాదా?

పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఈ 769 దగ్గర చాలాసేపు కూర్చుంది. మూడుతో, ఏడుతో, పదకొండుతో, మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటీ. ఆమె లెక్కలో తప్పేమీ లేదు, అన్నింటికీ శేషాలు సరిగ్గానే వచ్చాయి. కానీ ఆ శ్రమ అంతా అవసరం లేనిది.

769 హద్దు 27 (28 వర్గం 784). 27 లోపు ప్రధాన సంఖ్యలు 23తో ఆఖరు. అవేవీ 36143లో లేవని ముందే తేల్చేశాం. 36143లో లేనిది దాని ముక్క 769లో ఎలా ఉంటుంది? కాబట్టి ఒక్క భాగహారం కూడా చేయకుండా 769 ప్రధాన సంఖ్య అని రాసేయవచ్చు.

నియమం ఇలా గుర్తుపెట్టుకోండి: మీరు పరీక్షిస్తున్న ప్రధాన సంఖ్య వర్గం చేతిలో మిగిలిన సంఖ్యను దాటిందంటే ఆ మిగిలినదే ప్రధాన సంఖ్య. పని అయిపోయింది.

ప్రతిసారీ ఇంత సులువుగా తేలదు. కరీంనగర్ 505001ని ఏడుతో భాగిస్తే 72143, దాన్ని 19తో భాగిస్తే 3797. హద్దు 61. 17 వరకు ముందే చూశాం కాబట్టి 19 నుంచి 61 వరకు పదకొండు ప్రధాన సంఖ్యలను చూడక తప్పదు. 19ని మళ్లీ చూడటం మరచిపోవద్దు. ఏదీ పోదు, 3797 ప్రధాన సంఖ్యే. అంతటితో ఆపకుండా దాన్ని కాస్త తేరిపార చూడండి. ఎడమ నుంచి ఒక్కో అంకె తీసేస్తే 797, 97, 7. కుడి నుంచి తీసేస్తే 379, 37, 3. అన్నీ ప్రధాన సంఖ్యలే. రెండు వైపుల నుంచీ ఇలా నిలబడే సంఖ్యలు, ఒక అంకెవి కూడా కలుపుకుంటే, మొత్తం 15 మాత్రమే ఉన్నాయి. వాటిలో ఒకటి కరీంనగర్ పిన్‌కోడ్‌లో దాగి ఉంది.

6. సరిచూసుకోండి

జవాబు: 506002 = 2 × 7 × 47 × 769.

వెనక్కి గుణించండి. 47×769 = 36143. దాన్ని 14తో గుణిస్తే 506002. ఇది తప్పనిసరి.

పరీక్షలో అంత సమయం లేకపోతే తొమ్మిది పరీక్ష చేయండి. 506002 అంకెల మొత్తం 13, అంటే 4. కారణాంకాలవి 2, 7, (4+7=11) 2, (7+6+9=22) 4. వీటిని గుణిస్తే 2×7×2×4 = 112, అంకెలు కలిపితే 4. సరిపోయింది.

అయితే దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. 769 రాయబోయి 796 రాస్తే అంకెల మొత్తం మారదు, తప్పు పట్టుబడదు. అలాంటప్పుడు పదకొండు పరీక్ష కావాలి: కుడి నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతి అంకె తీసేస్తూ వెళ్లండి. 769కి 9−6+7 = 10. 796కి 6−9+7 = 4. తేడా వెంటనే బయటపడుతుంది. అంకెలు తారుమారుగా రాసే అలవాటున్నవాళ్లు రెండు పరీక్షలూ చేయండి.

7. ఇక ప్రశ్నలకు జవాబులు

కారణాంకాలు ఎన్ని? ప్రతి ప్రధాన సంఖ్య ఘాతానికి ఒకటి కలిపి, అన్నింటినీ గుణించండి. 506002లో నాలుగూ ఒక్కోసారే ఉన్నాయి: 2×2×2×2 = 16. ఎన్‌ఐటీ 506004 = 2² × 3 × 149 × 283. ఇక్కడ 3×2×2×2 = 24. ఒకటి కలపడం మరచిపోయి ఘాతాలనే గుణించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 506002కు అలా చేస్తే జవాబు 1 వస్తుంది, అంత పెద్ద సంఖ్యకు ఒకే కారణాంకం ఉండదు కదా అని అక్కడే అనుమానం రావాలి.

సందేహముంటే జంటలు రాసి చూడండి: 1×506002, 2×253001, 7×72286, 14×36143, 47×10766, 94×5383, 329×1538, 658×769. ఎనిమిది జంటలు, పదహారు కారణాంకాలు. చివరి జంటలో 658 మన హద్దు 711కి ఇటు, 769 అటు ఉన్నాయి.

సరి కారణాంకాలు ఎన్ని అని అడిగితే ముందు బేసివి లెక్కపెట్టండి. రెండును పక్కన పెడితే 2×2×2 = 8 బేసివి. మొత్తంలోంచి తీసేస్తే 8 సరివి. 506004కు బేసివి 8, సరివి 16.

కారణాంకాల మొత్తం ఎంత? ఒక్కో ప్రధాన సంఖ్యకూ 1 నుంచి దాని ఘాతాల వరకు కలిపి, ఆ మొత్తాలను గుణించాలి. 506002కు 3×8×48×770 = 8,87,040. 506004కు (1+2+4)×4×150×284 = 11,92,800. రెండును వర్గంతో సహా కలపాలి, 1+2 దగ్గర ఆగిపోతే మొత్తం తప్పుతుంది.

ఈ మొత్తాల్లోంచి ఆ సంఖ్యనే తీసేస్తే మరో లక్షణం కనిపిస్తుంది. 506002కు మిగిలేది 3,81,038, సంఖ్య కంటే తక్కువ. 506004కు మిగిలేది 6,86,796, సంఖ్య కంటే ఎక్కువ. సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటాం, 6, 28, 496లాగా. రెండే తేడా ఉన్న పక్కపక్క సంఖ్యల్లో ఒకటి ఇటు, ఒకటి అటు!

మరికొన్ని పొరపాట్లు

హద్దు అంచున ఆగిపోవడం. 506007లో మిగిలిన 6247 తీసుకోండి. 79 వర్గం 6,241. అంటే 79 కూడా హద్దు లోపలే ఉంది. 73 దాకా చూసి చాలనుకుంటే పని పూర్తి కాలేదు. 79తో భాగిస్తే శేషం 6, కాబట్టి 6247 ప్రధాన సంఖ్య, 506007 = 3⁴ × 6247. చూడకపోయినా ఇక్కడ జవాబు మారేది కాదు, కానీ 6241 వచ్చి ఉంటే మునిగిపోయేవాళ్లు.

9ని, 4ను ప్రధాన కారణాంకాలుగా రాయడం. 3⁴ బదులు 9×9 రాసి, ఘాతాలు అక్కడి నుంచి లెక్కపెడితే అన్నీ తప్పుతాయి.

2తో పోయింది, 4తో పోయింది కాబట్టి 8తో పోతుందనుకోవడం. 506004 చివరి మూడంకెలు 004. ఎనిమిదితో పోదు.

కాలిక్యులేటర్‌ను గుడ్డిగా నమ్మడం. ఆరంకెలకు ఇబ్బంది లేదు. కంప్యూటర్‌లో ఎక్సెల్ మాత్రం 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, ఆపై అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. 16 అంకెల సంఖ్యను అందులో వేసి చివరి అంకె చూసి రెండుతో పోతుందనుకుంటే మీరు చూస్తున్నది అసలు అంకె కాకపోవచ్చు.

మీరే చేయండి

హనుమకొండ పిన్‌కోడ్ 506001. మొదటి అడుగు సులువే, అంకెల మొత్తం 12, మూడుతో పోయి 168667 మిగులుతుంది. హద్దు 410. ఆ తర్వాత చాలాసేపు ఏదీ దొరకదు. 61తో శేషం 2, 79తో శేషం 2, ఆశ పెట్టి పోతుంటాయి. 149 దగ్గర శేషం 148, ఒక్కటి ఎక్కువైతే పోయేది. చాలామంది అక్కడ పెన్ను కింద పెట్టి ప్రధాన సంఖ్య అని రాసేస్తారు. మీరు రాయకండి. హద్దు ఇంకా 410 దగ్గరే ఉంది. పట్టికలో తర్వాతి సంఖ్య 151. దానితో భాగించండి, 1117 వస్తుంది. దాన్ని మళ్లీ పరీక్షించాలా వద్దా అన్నది ఐదో అడుగు చూసి మీరే తేల్చండి.